గెలాక్సీ 2 డైరీ: క్రాక్‌డౌన్ 2లో పోయిన ఎత్తు కోసం

జూన్ 8, ఆదివారం

ఇవాళ్టి నుంచి నా గేము రెండో భాగం, గెలాక్సీ 2 పని మొదలు. మృగశిర కార్తె వచ్చిందని అమ్మ పొద్దున్నే చేపలు తెప్పించింది, ఎండ మాత్రం ఇంకా రోహిణిలోలాగే మాడ్చేస్తోంది. మధ్యాహ్నం కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు కూర్చుని ఇది రాస్తున్నాను.

మొదటి గెలాక్సీ ఆడనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. నేను ఒంగోలు దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు చూస్తాను, రాత్రిళ్లు గొడాట్ ఇంజిన్‌లో గేములు చేస్తాను. పోయినేడు చేసిన గేములో ఒకమ్మాయి ఉంటుంది, ఒళ్లంతా నల్లరాయి, ఆ రాతిలో బంగారు చుక్కలు. చీమకుర్తి క్వారీ అడుగున నిద్ర లేస్తుంది, గోడల మీద మెరిసే చుక్కల్ని ఏరుకుంటూ పైకెక్కుతుంది, ఎన్ని ఏరితే అంత ఎత్తుకి గెంతగలదు. బ్లాక్ గెలాక్సీ అని ఎక్కడెక్కడి దేశాలవాళ్లో అడిగి కొనుక్కునే రాయి మా చీమకుర్తి, రామతీర్థం చుట్టుపక్కలదే. పాలిష్ పట్టిన స్లాబుని ఎండలో వంచి చూస్తే నల్లటి ఆకాశంలో చుక్కలు పొడిచినట్టు ఉంటుంది. రోజూ ఆ స్లాబుల మధ్య తిరిగేవాడికి ఆ గేము తట్టకపోతేనే ఆశ్చర్యం.

కానీ ఆ ఆలోచనలో సగం నాది కాదు, క్రాక్‌డౌన్ అనే ఎక్స్‌బాక్స్ గేముది. 2008 వేసవి సెలవుల్లో నెల్లూరులో పెద్దమ్మ వాళ్లింట్లో ఉన్నాను, స్టోన్‌హౌస్‌పేటలో. ట్రంక్ రోడ్డు వైపు ఒక మేడ మీద ఎక్స్‌బాక్స్ 360లు రెండు పెట్టిన చిన్న గది ఉండేది, గంటకి ముప్పై రూపాయలు. పెద్దమ్మ కొడుకు, మా అన్న, నేను ఇద్దరం కలిసి ఒకే గంటకి డబ్బులిచ్చి పావుగంటకొకసారి కంట్రోలర్ మార్చుకునేవాళ్లం. మొదటి రోజు అన్న ఏమీ కాల్చలేదు, ఎవరినీ కొట్టలేదు. పైకప్పు మీద ఆకుపచ్చగా వెలుగుతున్న ఒక బంతి కనిపిస్తే దాని కోసం ఎక్కాడు, అక్కణ్నుంచి ఇంకోటి కనిపించింది, దానికీ ఎక్కాడు. గంట అయిపోయింది. ఇద్దరం కిందికి దిగి ఇంటికి నడుస్తూ దారి పొడుగునా మేడల పిట్టగోడలు, సన్‌షేడ్లు, నీళ్ల ట్యాంకులే చూసుకుంటూ వచ్చాం.

2010లో క్రాక్‌డౌన్ 2 వచ్చినప్పుడు అదే అన్నతో ఎంతో ఆశగా కూర్చున్నాను, మూడో రోజుకి ఇద్దరం లేచిపోయాం. ఎందుకో అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు నేనే ఒక రెండో భాగం చేయబోతున్నాను కాబట్టి తెలుసుకోవాలి. అందుకే ప్లాన్ ఇది: ఒక పక్క గెలాక్సీ 2 కడుతూ, ఇంకో పక్క రెండు క్రాక్‌డౌన్‌లూ మళ్లీ మొదటి నుంచి ఆడడం. రెండూ మైక్రోసాఫ్ట్ ఉచితంగా పెట్టింది, నా పాత ఎక్స్‌బాక్స్ వన్‌లో నడుస్తాయి.

జూన్ 11, బుధవారం

గెంతు లెక్క. గొడాట్‌లో కొత్త క్యారెక్టర్ బాడీకి, అంటే ఆటలో కదిలే బొమ్మకి, స్క్రిప్టు పెడితే దానంతట అదే వచ్చే జంప్ వెలాసిటీ 4.5, గ్రావిటీ 9.8. వేగాన్ని వేగంతో గుణించి, గ్రావిటీకి రెట్టింపుతో భాగిస్తే ఎత్తు వస్తుంది, అంటే మీటరు పైన మూడు సెంటీమీటర్లు. మామూలు మనిషికి సరిపోతుంది, రాతి అమ్మాయికి చాలదు. పోయినేడు వెలాసిటీ మాత్రం పెంచి గ్రావిటీని వదిలేశాను, అది తప్పు. 9 మీటర్లు గెంతించాలంటే 13.3 పెట్టాలి, శిఖరం చేరడానికి 1.36 సెకన్లు పడుతుంది, బుడగలాగా తేలుతూ పోతుంది. రాయి అలా తేలకూడదు. గ్రావిటీ 25 చేసి వెలాసిటీ 21.2 పెట్టాను. ఎత్తు అదే 9 మీటర్లు, పైకి చేరడానికి 0.85 సెకను. బటన్ నొక్కగానే ఒళ్లు నేలని తన్ని లేచినట్టు ఉంది, దిగేటప్పుడు బరువు తెలుస్తోంది.

బావకి ఫోన్ చేశాను. అక్క వాళ్లాయన, చీమకుర్తిలో క్వారీ సూపర్‌వైజర్. మీ బెంచీ (క్వారీ గోడలో మెట్టులా కోసిన అంతస్తు) ఎత్తెంత బావా అంటే, "మా పిట్‌లో ఇరవై అడుగుల దాకా ఉంటది, ఒక్కోచోట ఎక్కువ తక్కువ. ఏంది, మళ్లీ ఆ బొమ్మాటేనా?" అన్నాడు. అవును బావా అన్నాను. "అట్టయితే ఈసారి వైర్ సా సరిగ్గా పెట్టు, పోయినసారి దాన్ని చేత్తో తిప్పినట్టు పెట్టినావు" అన్నాడు. వైర్ సా అంటే రాయిని తీగతో కోసే యంత్రం. రాసుకున్నాను.

ఇరవై అడుగులంటే 6.1 మీటర్లు. ఆ ఒక్క కొలత చుట్టూ అంతా అమర్చాను. మొదటి లెవెల్ గెంతు 3 మీటర్లు, చేతులు చాపి అంచు పట్టుకుంటే ఇంకో 1.8, మొత్తం 4.8, బెంచీ అందదు. పక్కనున్న రాతి బ్లాక్ ఎక్కి గెంతాలి. రెండో లెవెల్ 4.5, చేతులతో కలిపి 6.3, వేళ్ల కొసలతో అందుతుంది. మూడో లెవెల్‌కి చేతులక్కర్లేదు. ఇంతకుముందు అందని అంచుని చేత్తో పట్టుకోవడం, తర్వాత దాని మీదికి నేరుగా దూకడం, మొత్తం ఆటంతా ఆ రెండు క్షణాల మీదే నిలబడాలని నా కోరిక.

జూన్ 15, ఆదివారం

నిన్న రాత్రి పదింటికి మొదటి క్రాక్‌డౌన్ మొదలుపెట్టాను, మూడింటికి పడుకున్నాను. దీని గురించి చాలా రాయాలి.

2007 ఫిబ్రవరిలో వచ్చింది. స్కాట్లాండ్‌లోని డండీలో ఉన్న రియల్‌టైమ్ వరల్డ్స్ చేసింది, ఆ స్టూడియో పెట్టిన డేవిడ్ జోన్స్ అంతకుముందు లెమ్మింగ్స్, మొదటి గ్రాండ్ తెఫ్ట్ ఆటో చేసినవాడు. అప్పట్లో చాలామంది ఈ డిస్క్ కొన్నది దీంతో పాటు హేలో 3 అనే గేము బీటాకి, అంటే విడుదలకి ముందు ఆడి చూసే దానికి, పిలుపు వస్తుందని. బీటా కోసం కొన్నవాళ్లు ఈ ఆటలోనే ఉండిపోయారు, నాకది చాలా న్యాయంగా అనిపిస్తుంది.

పసిఫిక్ సిటీ అనే ఊరు, మూడు దీవులు, మూడు ముఠాలు: లాస్ ముయెర్టోస్, వోల్క్, షాయ్‌జెన్. మనం ఏజెన్సీ అనే పోలీసు సంస్థ పంపిన ఏజెంట్. ఐదు నైపుణ్యాలు: గెంతడం, బలం, తుపాకీ, పేలుళ్లు, డ్రైవింగ్. ఏది వాడితే అది పెరుగుతుంది. గెంతు మాత్రం ప్రధానంగా పచ్చబంతులు ఏరితేనే పెరుగుతుంది, అవి ఊరంతా 500 ఉంటాయి, ఎత్తైన చోట ఉన్నదానికి విలువ ఎక్కువ. ఇవి కాక దాచిపెట్టినవి 300. దగ్గరికి వెళ్తే సన్నగా మోగుతూ ఉంటాయి, కళ్లతో కాదు చెవులతో వెతకాలి.

ఇదంతా నాకు గుర్తున్నదే. మరిచిపోయింది వేరే ఉంది. మూడు ముఠాల్లో కలిపి ఇరవై ఒక్కమంది పెద్దలుంటారు, ఒక్కొక్కడూ ఊళ్లో ఒక్కో చోట కాపురం పెట్టుకుని ఉంటాడు. ఒకడు మనుషుల్ని చేర్చుకునేవాడు, వాణ్ని తీసేస్తే ఆ ముఠా గుంపులు పలచబడతాయి. ఇంకొకడు ఆయుధాలు తెప్పించేవాడు, వాడు పోతే మిగతావాళ్ల చేతుల్లో మంచి తుపాకులుండవు. అసలు నాయకుడి మీదికి వెళ్తే గెలిచే అవకాశం ఎంత శాతమో తెర మీద పడుతుంది, ఒక్కో అనుచరుణ్ని తీసేసిన కొద్దీ ఆ శాతం పెరుగుతుంది. ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో మాత్రం ఎవరూ చెప్పరు. మొదటి పది నిమిషాల్లోనే అందరికంటే పెద్దవాడి మీదికి పోవచ్చు, చస్తావు, కానీ పోవచ్చు.

నిన్న రాత్రి నేను చేసిన పని అదే. షాయ్‌జెన్ దీవికి ఈదుకుంటూ పోయి వాళ్ల భవనం గోడ పట్టుకున్నాను. ఒకటిన్నర నక్షత్రం గెంతుతో (నైపుణ్యం ఎంత పెరిగిందో నక్షత్రాల్లో చూపిస్తారు) నాలుగోసారి కూడా మూడో అంచు దాటలేకపోయాను, ఆగాను. కిందికి దిగి, పక్క వీధిలో ఒక పచ్చబంతి, దాని వెనక ఇంకోటి, ఇట్టా రెండు గంటలు ఏరి మళ్లీ అదే గోడ దగ్గరికి వచ్చాను. అదే అంచు. ఈసారి చెయ్యి అందింది. ఒంటరిగా గదిలో కూర్చుని అబ్బా అన్నాను, అమ్మ లోపల్నుంచి ఏమైందిరా అని అరిచింది.

అదీ విషయం. పైన ఒకడున్నాడు, వాడి దగ్గరికి పోవాలి, ఇప్పుడు అందడు. ఆ 'అందడు' అన్నది లేకపోతే పచ్చబంతులు రంగు గోళీలే.

ఏజెన్సీ టవర్ కూడా ఎక్కాను. ఊరి మధ్యలో అన్నిటికంటే ఎత్తు, దాని మీద ఎవరూ ఉండరు, ఎక్కమని ఎవరూ అడగరు, ఎక్కినందుకు ఒక అచీవ్‌మెంట్, పైనుంచి కింద నీళ్లలోకి దూకినందుకు ఇంకోటి. 2008లో అన్న దూకినప్పుడు గదిలో ఉన్న పిల్లలంతా లేచి నిలబడ్డారు.

జూన్ 21, శనివారం

లైట్ల గొడవతో మూడు రోజులు పోయాయి. ప్రతి చుక్కకీ ఒక ఓమ్నీ లైట్, అంటే అన్ని వైపులా వెలుగు చిమ్మే దీపం, పెట్టాను, గోడ మీద మెరుస్తుందని. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, అందుకని గొడాట్‌లో తెర మీద బొమ్మ గీసే పద్ధతుల్లో తేలికైన కంపాటిబిలిటీ రెండరర్ వాడుతున్నాను. కొన్ని చుక్కలే గోడని వెలిగిస్తున్నాయి, మిగతావి చీకట్లో ఉంటున్నాయి, అటూ ఇటూ కదిలితే వెలిగేవి మారిపోతున్నాయి. మూడో రోజు అర్థమైంది. ఆ రెండరర్‌లో ఒక మెష్ (ఒక 3డీ ఆకారం) మీద మామూలుగా పడేవి ఎనిమిది ఓమ్నీ లైట్లే, నేను క్వారీ మొత్తాన్ని ఒకే మెష్‌గా తెచ్చిపెట్టాను. గోడల్ని బెంచీల వారీగా ముక్కలు చేశాను, లైట్లు తీసేసి చుక్కలకి తమంతట తామే మెరిసే ఎమిషన్ మెటీరియల్ వేశాను, అన్నిటినీ కలిపి ఒకేసారి గీసేలా ఒకే మల్టీమెష్‌లో పెట్టాను. సెకనుకి ఫ్రేములు 19 నుంచి 54కి వచ్చాయి.

చేతి పట్టు బగ్ కూడా పోయింది. గోడ మీద డ్రిల్ గాడుల్లో ప్రతిదాన్నీ అంచు అనుకుని పట్టేసుకునేది. ఇప్పుడు పైనుంచి కిందికి ఇంకో రేకాస్ట్ (ఏం తగులుతుందో చూసే కనిపించని గీత) వేసి, నిలబడడానికి కనీసం 40 సెంటీమీటర్ల చదును ఉంటేనే పట్టుకోనిస్తున్నాను.

జూన్ 29, ఆదివారం

వారమంతా క్రాక్‌డౌన్ 2. మనసు బాగోలేదు, నిజంగానే.

ముందు మంచి చెప్పాలి, ఎందుకంటే ఉంది. నలుగురు కలిసి ఆడొచ్చు, మొదటిదాంట్లో ఇద్దరే. గెంతు బాగా పెరిగాక ఒంటికి రెక్కల సూట్ వస్తుంది, ఎత్తు నుంచి దూకి జారుతూ పోవచ్చు. దగ్గరికి వెళ్తే పారిపోయే బంతులు పెట్టారు, మేడల మీద వాటి వెనక పరిగెత్తడం ఇవాళ్టికీ సరదాగానే ఉంది. పగలు ఒక ఊరు, రాత్రి ఇంకో ఊరు, చీకటి పడితే ఫ్రీక్స్ అనే వికృతజీవులు వందల్లో వీధుల మీదికి వస్తాయి. ఈ ఒక్క మాట మీద ఎంత మంచి గేమైనా కట్టొచ్చు.

అసలు కష్టం ఎక్కడంటే, ఊరు అదే. కథలో పదేళ్లు గడిచాయి, అదే పసిఫిక్ సిటీ పాడుబడింది, మేడలు పగిలాయి, చెత్త పేరుకుంది, కానీ ఎత్తులు చాలావరకు అవే, దారులూ అవే. నా చేతులకి ఆ ఊరు తెలుసు. ఎక్కడ సందు ఉందో, ఏ మూల బంతి ఉంటుందో వేళ్లే చెప్పేస్తున్నాయి. తెలిసిన ఊరికి మళ్లీ వెళ్లడం తప్పు కాదు. సెలవులకి ఊరెళ్తాం, పాత చింతచెట్టు పోయి అక్కడ సిమెంటు రోడ్డు కనిపిస్తే మనసు కలుక్కుమంటుంది, ఆ కలుక్కుమనడం కూడా ఒక కథే. ఇక్కడ అదీ లేదు.

ఇంతకంటే పెద్ద దెబ్బ, పైన ఎవరూ లేరు. ఆ ఇరవై ఒక్కమంది పోయారు. వాళ్ల బదులు సెల్ అనే ఒకే గుంపు, దానికొక నాయకురాలి పేరు ఉంది, ఆవిడ గొంతే వినిపిస్తుంది తప్ప ఎక్కి చేరాల్సిన చోటు లేదు. మనం చేసే పని ఏంటంటే, ఊళ్లో 27 చోట్ల సూర్యకాంతిని పట్టే యూనిట్లు ఆన్ చెయ్యాలి. మూడు ఆన్ చేస్తే భూమి లోపల ఒక ఫ్రీక్స్ గుహలోకి బీకన్ అనే కాంతి యంత్రాన్ని దించుతారు, అది పేలేదాకా దాని చుట్టూ తిరుగుతూ కాపాడాలి. ఇలాంటివి తొమ్మిది. మొదటిది బ్రహ్మాండంగా ఉంది, చీకట్లో నాలుగు వైపుల నుంచి మీద పడుతుంటే చెమటలు పట్టాయి. రెండోది బాగుంది. నాలుగోదానికి నేను గోడ గడియారం చూశాను. దీన్ని తొమ్మిదిసార్లు చేయించారు, తొమ్మిదిసార్లూ కిందికే దించారు. మనిషికి ఎగిరే కాళ్లిచ్చి గుహలో నిలబెట్టారు.

2010లో ఇంకో బాధ కూడా ఉండేది, కొన్ని బంతులు ఆన్‌లైన్‌లో ఇంకొకరు తోడుంటేనే దొరుకుతాయి. అప్పటి మా నెట్‌కి అది కుదిరే పని కాదు. మ్యాపులో కనిపించే ఆ బంతుల కేసి అన్నా నేనూ చూస్తూ నిలబడింది ఇప్పటికీ గుర్తే.

చేసినవాళ్ల మీద నాకు కోపం లేదు. రెండోది చేసిన రఫియన్ గేమ్స్ కూడా డండీ స్టూడియోనే, మొదటిదాని మీద పనిచేసినవాళ్లు అందులో ఉన్నారు, ప్రేమ లేక కాదు. 2009 జూన్‌లో ఈ3 అనే గేముల ప్రదర్శనలో ప్రకటించారు, 2010 జులైకి గేమ్ షాపుల్లో ఉంది. ఊరిని కొత్తగా కట్టే తీరిక ఎక్కడిది? మొదటిది చేసిన రియల్‌టైమ్ వరల్డ్స్ ఈలోపు ఏపీబీ అనే ఆన్‌లైన్ ఆట మీద పడింది, 2010లోనే అది విడుదలైన కొద్ది వారాలకే కంపెనీ దివాలా తీసింది. 2019 ఫిబ్రవరిలో క్రాక్‌డౌన్ 3 వచ్చింది, దాంట్లో ముఠా పెద్దలు తిరిగి వచ్చారు. అంటే ఎవరో ఒకరికి తెలిసింది ఏం పోయిందో.

కొత్తవి నాలుగు కలిపితే పాతది ఒకటి తీసేసినా పర్లేదు అనుకున్నారేమో. రెక్కలు, రాత్రి, నలుగురు ఆటగాళ్లు, పారిపోయే బంతులు, అన్నీ బాగున్నాయి. పోయింది మాత్రం ఎక్కడానికి కారణం.

జూలై 2, బుధవారం

ఇవాళ నా మీద నాకే చాలా కోపం వచ్చింది.

అక్క కొడుకు వచ్చాడు, ఎనిమిదో తరగతి. గెలాక్సీ 2 మొదటి ముసాయిదా వాడి ముందు పెట్టాను. పాత క్వారీయే, రాత్రి పూట. గాలిలో జారడానికి ఒక టార్పాలిన్ పట్టా ఇచ్చాను. ఆరు జనరేటర్లు ఆన్ చేస్తే ఫ్లడ్‌లైట్లు వెలుగుతాయి, వెలిగేదాకా గబ్బిలాల గుంపు నుంచి కాపాడుకోవాలి. మూడు వారాల నుంచి రాత్రిళ్లు కూర్చుని చేసినవి ఇవి.

వాడు పట్టాతో జారి కేకలు పెట్టాడు, మొదటి జనరేటర్ దగ్గర లేచి నిలబడి ఆడాడు. మూడోదాని దగ్గర కంట్రోలర్ కింద పెట్టి నీళ్లు తాగడానికి వెళ్లాడు. తిరిగొచ్చి అడిగాడు, "మామా, క్రేన్ రాక్షసి ఏది?"

మొదటి గెలాక్సీలో క్వారీ నాలుగు అంచుల మీద నాలుగు యంత్రాలుండేవి, ప్రాణమున్నవి. క్రేన్ బ్లాకులు విసిరేది, కంప్రెసర్ గోడల మీది డ్రిల్లులకి ఊపిరి పోసేది, ఇంకో అంచు మీద వైర్ సా, మూల మీద డీజిల్ పంపు. కంప్రెసర్‌ని ముందు ఆపితే డ్రిల్లులు ఆగి గోడ ఎక్కడం తేలికయ్యేది. అది నేను క్రాక్‌డౌన్ నుంచి నేర్చుకున్నదే. ఈసారి వాటిని తీసేశాను, ఇంతకుముందు చేసినవే కదా అని. జూన్ 29న అంత పేజీ రాసినవాణ్ని, నా ఫైళ్లలో అదే పని చేసి మూడు వారాలు చూసుకోలేదు. ఆరు జనరేటర్లు, పైన ఎవరూ లేరు.

వాడు వెళ్లాక జనరేటర్ల సీన్ మొత్తం పక్క ఫోల్డర్లోకి తీసేశాను. పట్టా ఉంచాను.

జూలై 8, మంగళవారం

నెల్లూరు వెళ్లొచ్చాను, రొట్టెల పండగకి. అన్న హైదరాబాద్ నుంచి వచ్చాడు. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి వదిన ఇంటి రొట్టె పట్టుకుంది, పోయిన ఏడాది కోరుకున్నది తీరినవాళ్లు ఇచ్చే రొట్టె. అంత జనంలో ఎవరికి ఏ రొట్టె కావాలో అరుచుకుంటూ వెతుక్కోవడం చూస్తే ఒళ్లు పులకరిస్తుంది, ఎన్నిసార్లు చూసినా.

రాత్రి పెద్దమ్మ వాళ్ల డాబా మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాం. అన్న పాత క్వారీలో పది నిమిషాలు గెంతి, "అంతా బాగుంది గానీ, నాకు ఈ గోడలు తెలుసురా" అన్నాడు. నేను కొత్త క్వారీ కట్టాలేమో, అది మూడు నెలల పని అని చెప్పాను. అన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పొద్దున చెరువులో చూశావా, మెట్లు ఎక్కడిదాకా ఉన్నాయో తెలియకుండా అందరూ కాళ్లతో తడుముకుంటున్నారు" అన్నాడు. వేరే దేనికోసమో అన్నాడు ఆ మాట, వదిన జారబోయింది అని చెబుతూ. నాకు మాత్రం అక్కడే దొరికింది.

జూలై 13, ఆదివారం

నీళ్లు.

రాయి తీసి వదిలేసిన పాత పిట్‌లు వానకి నిండిపోయి ఉంటాయి, చీమకుర్తి వైపు వెళ్లేవాళ్లు చూసే ఉంటారు, నిటారు గోడల మధ్య పచ్చటి నీళ్లు, ఎంత లోతో పైనుంచి తెలియదు. నిన్న బావతో వెళ్లి కంచె బయటి నుంచి ఒకటి చూశాను. "పంపు రెండు రోజులు ఆపితే మా పిట్‌లో కూడా అడుగు బెంచీ మునుగుతది, వానాకాలం అయితే ఇక చెప్పబళ్లేదు" అన్నాడు. అలాంటి వాటిలో ఈతకి దిగొద్దని మేనల్లుడికి నా ముందే రెండుసార్లు గట్టిగా చెప్పాడు.

క్వారీ అదే, మ్యాపు అదే, నాలుగు యంత్రాలు వెనక్కి వచ్చాయి. ఈసారి డీజిల్ పంపుని ఆపితే నీళ్లు పెరుగుతాయి. నిమిషానికి మీటరు చొప్పున, మూడు బెంచీలు మునిగేదాకా. మన అమ్మాయి రాయి, తేలదు, నేరుగా అడుగుకి పోతుంది. నీళ్ల కింద నడవగలదు, కానీ గెంతు వేగం సగమే పెట్టాను, వేగం సగమైతే ఎత్తు నాలుగో వంతు, 6 మీటర్ల గెంతు 1.5 అవుతుంది. అంటే కిందటి భాగంలో కళ్లు మూసుకుని ఎక్కిన బెంచీ నీళ్లలో మళ్లీ అందని ఎత్తయిపోయింది. పైన మాత్రం ఖాళీ డీజిల్ డ్రమ్ములు తేలుతూ నీళ్లతో పాటు లేస్తాయి, వాటి మీది నుంచి గెంతితే ఇదివరకు ఎవరికీ అందని తూర్పు అంచు అందుతుంది. ఒక దారి మూసుకుంటుంది, ఒకటి తెరుచుకుంటుంది, ఏది ఎప్పుడన్నది ఆడేవాడి చేతిలో.

చుక్కల మోత కూడా మార్చాను. మంచి రాయిని సుత్తితో కొడితే ఖంగుమంటుంది, లోపల చీలిక ఉంటే మొద్దుగా పలుకుతుంది, యార్డులో బ్లాకు కొనేవాళ్లు అలా కొట్టి వింటారు. ఆ ఖంగుని ఫోన్‌లో రికార్డు చేసి చుక్కలకి పెట్టాను. నీళ్లలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకి పైగా వేగంగా పోతుంది, ఎటు నుంచి వస్తోందో మన చెవులు పోల్చుకోలేవు. అందుకని తల మునగగానే ఆడియో ప్లేయర్ ప్యానింగ్ స్ట్రెంగ్త్ (కుడి ఎడమ చెవుల మధ్య శబ్దం తేడా) సున్నా చేశాను. చుక్క దగ్గర్లో ఉందని తెలుస్తుంది, ఎటో తెలియదు. రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చీకట్లో ఆడాను, అరగంట కదలకుండా కూర్చున్నాను.

వైర్ సా కూడా బావ చెప్పినట్టు సరిచేశాను. రాతిలో అడ్డంగా ఒక రంధ్రం, నిలువుగా ఒకటి, రెండూ లోపల కలుస్తాయి, వాటిలోంచి తీగ దూర్చి చుట్టగా కలిపితే యంత్రం దాన్ని తిప్పుతూ లాగుతుంది, నీళ్లు పోస్తూ ఉండాలి. తీగ తిరుగుతున్నంతసేపు ఆ గోడ మీద చెయ్యి వేస్తే పట్టు ఊడిపోతుంది.

జూలై 20, ఆదివారం

మేనల్లుడు పొద్దున తొమ్మిదికే దిగాడు, బావ కూడా వచ్చాడు. నేను ఏమీ చెప్పలేదు, వెనక కూర్చున్నాను.

అందరూ ముందు కంప్రెసర్ ఆపుతారని నా అంచనా, తేలిక అదే. వాడు ముందు పంపు దగ్గరికి పోయాడు. ఆపేశాడు. నీళ్లు లేస్తుంటే మొదట అర్థం కాలేదు, రెండో బెంచీ మునిగాక గబగబా ఎక్కడం మొదలుపెట్టాడు, కాలు జారి అడుగుకి పోయాడు. కిందంతా చీకటి, ఖంగ్, ఖంగ్. కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని తల అటూ ఇటూ తిప్పుతున్నాడు, గదిలో ఎక్కడ మోగుతోందో వెతికినట్టు. నలభై నిమిషాలు పట్టింది వాడు నీళ్లలోంచి బయటపడడానికి. డ్రమ్ము మీదికి ఎక్కి నిలబడి పైకి చూశాడు. తూర్పు అంచు మీద క్రేన్ రాక్షసి లైట్లు తిప్పుకుంటూ ఉంది. గెంతాడు, అందలేదు. మళ్లీ గెంతాడు, అందలేదు. ఇంకో రెండు చుక్కలు కావాలి, అవి నీళ్లలో ఉన్నాయి.

వాడు మళ్లీ నీళ్లలోకి దూకాడు, తనంతట తనే.

బావ అన్నం చల్లారిపోతోందని రెండుసార్లు పిలిచాడు, మూడోసారి తనే వచ్చి పక్కన కూర్చుని, "ఆ మూల చూడరా, వైర్ కోసిన చోట నున్నగా ఉంటది, అక్కడ పట్టు దొరకదు, ఇటు రా" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఒంటిగంటన్నరకి వాడి చెయ్యి అంచుకి అందింది. ముగ్గురం ఒకేసారి అరిచాం.

క్రేన్ వాణ్ని మూడు సెకన్లలో కిందికి విసిరేసింది. కంప్రెసర్‌ని ముందు ఆపి ఉండాల్సిందా మామా అని అడిగాడు. ఆపి చూడు అన్నాను. భోంచేశాక మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.

ఆగస్టులోపు చెయ్యాల్సినవి: డ్రమ్ములు ఒకదాని మీద ఒకటి ఎక్కితే వణుకుతున్నాయి, నీళ్లు మూడో బెంచీ దాటాక ఫ్రేములు 40కి పడుతున్నాయి, క్రేన్ విసిరే బ్లాకుల్లో ఒకటి గోడలోకి దూరిపోయి అక్కడే ఉండిపోతోంది. అన్నకి ఈ రాత్రే కొత్త బిల్డ్ పంపాలి, పొద్దుట్నుంచి మూడుసార్లు అడిగాడు.